కింద నిలబడే మనిషి

"అరవడమంటే గొంతు చించుకోవడం కాదన్నయ్యగారూ. గాలి అటు కొడుతుంటే మీరెంత అరిచినా మూడో అంతస్తు పైకి ముక్క కూడా చేరదు. కిటికీలోంచి తల బయటపెట్టి, గోడ వారగా మాటని పైకి విసరాలి. 'వచ్చింది' అని టక్కున ఆపేస్తే బోల్టు బిగించెయ్యమని. 'వచ్చిందీ...' అని సాగదీస్తే ఇంకాస్త తిప్పమని. ఈ లెక్క నాకూ, పైనున్న మా ఆయనకూ తప్ప ఎవరికీ తెలీదు. ఇంటివాళ్ళు మాత్రం, పాపం ఈవిడకి నత్తి కాబోలు అనుకునేవాళ్ళు."

నవ్వి, మళ్ళీ పనిలో పడింది. ఎడమచేతిలో నల్లటి కేబులు, కుడిచేతిలో సగం బ్లేడు. పై తొక్క గుండ్రంగా కోసి ఒలిచింది. లోపలి సన్నటి జాలీని వెనక్కి మడిచింది. తెల్లటి గుజ్జు కోసి తీసేసరికి మధ్యలో రాగితీగ గోరంత బయటికొచ్చింది. దానికి కనెక్టరు తొడిగి, నొక్కి, డబ్బాలో పడేసింది. అంతా కలిపి నిమిషం కూడా పట్టలేదు. ఊళ్ళో యాంటెన్నాలు కట్టేవాళ్ళందరికీ ఈ కొసలు ఇక్కణ్ణించే వెళ్తాయి.

వీధిలో ఆమెను వచ్చిందక్క అంటారు. అసలు పేరు నేనెప్పుడూ అడగలేదు, ఆమె చెప్పనూ లేదు. భర్త మేడలెక్కి యాంటెన్నాలు కట్టేవాడు. ఈమె కింద టీవీ ముందు నిలబడి, బొమ్మ వచ్చిందో లేదో అరిచి చెప్పేది. పద్దెనిమిదేళ్ళు అదే పని. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. ఇప్పుడు కూతురు ఆ పని చేస్తోంది.

నేను వెళ్ళింది ఆ కూతురి కోసమే. మా పక్కింటివాళ్ళు ఇంకో అంతస్తు లేపినప్పటి నుంచీ మా టీవీలో బొమ్మ గళ్ళు గళ్ళుగా విరిగిపోతోంది. వార్తలు చదివే మనిషికి ఒక చెవి ఉంటే నోరుండదు. అమ్మాయి మా మేడ చూడ్డానికి వెళ్ళిందట. వచ్చేదాకా కూర్చోమంది తల్లి. కూర్చోడానికి చోటు మాత్రం వెతుక్కోవాల్సి వచ్చింది. ఆ ముందుగదిలో మేకు మేకుకీ కేబులు చుట్టలే. మూల అల్యూమినియం పైపులు. దూలానికి చేపముళ్ళలా వేలాడుతున్న యాంటెన్నాలు. తల వంచకపోతే నుదుటి మీద గీత ఖాయం.

"మీరు పెళ్ళికి ముందే ఈ పని నేర్చుకున్నారా చెల్లెమ్మా?" అని అడిగాను.

"నేనా? నన్ను చూసి మా అత్తగారు, ఈ పిల్లకి నోట్లో నాలుకే లేదని బెంగపడింది. మంచినీళ్ళు కావాలన్నా సైగ చేసేదాన్ని. ఈయనకేమో కింద మనిషి నిలవడు. ఇంటివాళ్ళనే నిలబెడితే మొహమాటానికి 'బాగుంది, బాగానే ఉంది' అనేస్తారు. ఈయన బిగించి దిగొచ్చాక, 'కాస్త చుక్కలున్నాయండీ' అంటారు. మళ్ళీ ఎక్కు. ఒకరోజు విసుగొచ్చి, 'ఇవాళ నువ్వు రా, ఉన్నదున్నట్టు చెప్పు చాలు' అన్నారు. వెళ్ళాను. మొదటి రోజు నా మాట ఆయనకి వినపడక నాలుగుసార్లు దిగి ఎక్కారు. ఏడాది తిరిగేసరికి నా గొంతు రెండు వీధుల అవతలికి వెళ్ళేది. ఇంటికొచ్చాక, 'అమ్మా తల్లీ, ఇక్కడ నేను నీ పక్కనే ఉన్నాను, కాస్త తగ్గించు' అనేవారు."

ఆ 'అమ్మా తల్లీ' అన్నప్పుడు ఆమె గొంతు మారింది. ఆయన ఎలా అనేవాడో అలాగే అని చూపించింది.

"పాత సిగ్నలు వస్తున్నట్టు చెప్పి వచ్చేదన్నయ్యగారూ. ముందు గరగర. తర్వాత ఇసక చల్లినట్టు చుక్కలు. ఆ చుక్కల్లోంచి ఒక భుజం, ఒక ముక్కు. దగ్గరికొస్తున్నామని తెలిసిపోయేది. కొత్తది అలా కాదు. ఉంటే అద్దంలా ఉంటుంది. లేదంటే నీలం తెర, 'సిగ్నల్ లేదు' అని. మధ్యలో ఏమీ ఉండదు. గుట్ట మీద టవరులో పాతది ఆపేసి కొత్తది మొదలెట్టిన రోజున ఊరు ఊరంతా నీలమే. జనం మా గుమ్మం ముందు వరస కట్టారు."

ఇంకా ఏదో చెప్పబోతుండగా బయట స్కూటరు ఆగింది. పక్కన పొడుగ్గా పైపు కట్టిన స్కూటరు. కూతురు హెల్మెట్ తీస్తూ లోపలికొచ్చింది. ఇరవై నాలుగేళ్ళు ఉంటాయి. తల వంచకుండానే యాంటెన్నాల మధ్య నుంచి ఒడుపుగా నడిచింది.

"మామయ్యగారూ, చూసొచ్చాను. పక్కింటి కొత్త అంతస్తు టవరుకి సరిగ్గా అడ్డం నిలబడింది. పిట్టగోడకి కడితే లాభం లేదు. నీళ్ళ ట్యాంకు గట్టు మీద నుంచి పైపు లేపాలి. రేపు పదింటికి వస్తాను."

తల్లి చేతిలో బ్లేడు ఆగింది.

"కింద ఎవరైనా కావాలి. సిగ్నల్ చూపించే మీటరు రిపేరుకి వెళ్ళి వారమైంది. అదుంటే నాకెవరితోనూ పని లేదు. మీరుంటారుగా?"

"ఉంటానమ్మా."

"ఆవిడని అడిగి లాభం లేదులెండి," అంది, తల్లి వైపు చూడకుండా. "మహారాణిగారు గుమ్మం దిగరు."

"తిందో లేదో అడగండన్నయ్యగారూ," అంది తల్లి, కేబులు వైపు చూస్తూ.

"తిన్నానని చెప్పండి మామయ్యగారూ."

"ఏం తిందో అడగండి."

"ఇదేమన్నా కోర్టా అని అడగండి."

నేను ఇటొకసారి అటొకసారి తల తిప్పుతూ కూర్చున్నాను. నవ్వొచ్చిందిగాని, ఇద్దరి మొహాలూ చూశాక మింగేశాను. వాళ్ళిద్దరూ మాట్లాడుకుని నాలుగు రోజులైందని తర్వాత తెలిసింది. మీటరు లేదు, ఒక్క వారం నాతో రా అమ్మా అని పిల్ల అడిగింది. తల్లి రానంది. ఎందుకు అంటే చెప్పలేదు.

అమ్మాయి పైపు బిగించే క్లాంపులు సంచీలో వేసుకుంది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. ఇక నా ద్వారా కాదు, సూటిగానే అంది:

"పద్దెనిమిదేళ్ళు నాన్నకి అరిచావు. ఊళ్ళో నీ గొంతు విననివాళ్ళు లేరు. నాకొక్కదానికే రాదా? నేనీ పని చెయ్యడం ఇష్టం లేకపోతే ఆ మాటే చెప్పు. ఇలా నోరు కట్టేసుకుని కూర్చోకు."

తల్లి కనెక్టర్ల డబ్బా ముందుకి జరిపింది. "నలభై ఉన్నాయి. చాలవేమో చూసుకో," అంది.

అమ్మాయి డబ్బా తీసుకోలేదు. స్కూటరు చప్పుడు వీధి చివరిదాకా వెళ్ళి వినిపించకుండా పోయింది.

ఆమె చేతిలో ఉన్న కేబులు కొస కోసింది. రాగితీగ కూడా తెగిపోయింది. మళ్ళీ కోసింది. మళ్ళీ తెగింది. బ్లేడు పక్కన పెట్టేసింది.

"ట్యాంకు గట్టంటే ఎంత వెడల్పుంటుంది మీ ఇంట్లో?"

"జానెడు ఉంటుందేమో."

"అక్కడా అంతే," అంది.

అప్పుడు చెప్పింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, అరవడం తెలిసిన ఆ గొంతుని బాగా తగ్గించి చెప్పింది.

కొత్త సిగ్నలు వచ్చిన మొదట్లో వాళ్ళకి ఏదీ కుదిరేది కాదు. ఆయన తిప్పుతాడు, ఈమె రాలేదంటుంది. ఇంకా తిప్పుతాడు. సరైన చోటు దాటిపోతుంది. మూడు రోజులు అలా తిప్పలు పడ్డాక, ఇంట్లో కూర్చుని తనే తిప్పి చూసుకుంటూ ఆయన కనిపెట్టాడు. పైపు ఆగగానే బొమ్మ రాదు. టీవీకి తగిలించిన కొత్త బాక్సు సిగ్నల్ని పట్టుకుని, విప్పి, తెర మీద పెట్టడానికి ఐదారు సెకన్లు తీసుకుంటుంది. అప్పటిదాకా ఆ నీలం తెర 'సిగ్నల్ లేదు' అని అబద్ధం చెబుతూనే ఉంటుంది.

"'పది లెక్కపెట్టు,' అన్నారు. 'పదికీ రాకపోతేనే రాలేదను. అంతదాకా నేనెంత అడిగినా మాట్లాడకు.' అలాగే చేశానన్నయ్యగారూ. పదకొండు రోజులు అలాగే చేశాను. ఆరోజు ఏడో ఇల్లు. ఇంటిల్లిపాదీ నా వెనక నిలబడ్డారు. పెద్దాయనొకడు 'వచ్చిందా, వచ్చిందా' అని నా భుజం మీద నుంచి తొంగి చూస్తున్నాడు. ఎనిమిదో ఇంటివాళ్ళు ఫోను మీద ఫోను. ఈయన పైనుంచి 'వచ్చిందా?' అన్నారు. నేను మూడు దగ్గరున్నాను. మూడే. నా నోట్లోంచి 'రాలేదు, ఇంకా ఎడమకి' అని వచ్చేసింది."

ఎడమకి తిప్పాలంటే గట్టు మీద నుంచి బయటికి వంగాలి. ఆయన వంగాడు.

"కిటికీ ముందు నుంచి ఏదో కిందికి వెళ్ళింది. ఆరేసిన దుప్పటేమో అనుకున్నా. అప్పుడొచ్చింది బొమ్మ. పైపు కదలనే లేదు, ఆయన ముందు ఆపిన చోటే సరైన చోటు. ఒకమ్మాయి నవ్వుతూ, రేపు ఎండ బాగా కాస్తుందని చెబుతోంది. అంత శుభ్రమైన బొమ్మ నా జన్మలో చూడలేదన్నయ్యగారూ. ఒక్క మచ్చ లేదు."

ఆమె ఏడవలేదు. ఏడిస్తే నాకు కాస్త తేలికగా ఉండేదేమో.

"ముందురోజు వాన పడింది. గట్టు తడిగా ఉంది, కాలు జారింది అన్నారు అందరూ. నేనూ ఊఁ అన్నాను. ఒకసారి ఊఁ అన్నాక ఇంకేం చెప్తాం? పిల్లకి అప్పుడు పదిహేనేళ్ళు. అది ఆ మాటే నమ్మింది. అందుకే వాన పడిన మర్నాడు ఎంత పెద్ద పనున్నా మేడెక్కదు. ఎక్కేముందు గట్టు అరచేత్తో తుడిచి చూసుకుంటుందట. తడి కాదే, నీ తల్లి నోరు అని ఎలా చెప్పను దానికి?"

"అమ్మాయి ఇంకోలా అనుకుంటోంది కదా చెల్లెమ్మా."

"తెలుసు. తన మీద ప్రేమ లేదనుకుంటోంది. ఇన్నాళ్ళూ అదే నయమనుకున్నాను. నాన్నకి అరిచావు, నాకు అరవవా అని ఇవాళ మీ ముందే అందే, అది తట్టుకోలేకపోతున్నాను." నా వైపు చూడకుండా, "మీరే చెప్పకూడదూ దానికి? మీరు నెమ్మదిగా చెప్తారు," అంది.

ఆమె మొహంలో ఉన్న ఆశ చూస్తే సరేననాలనిపించింది.

"ఆ మాట నేను చెప్పేది కాదమ్మా," అన్నాను చివరికి. "నా నోట వింటే తను ముందు మీ దగ్గరికే పరిగెత్తుకొస్తుంది. అప్పుడైనా మీరే చెప్పాలి."

ఆమె తల ఊపింది. నేను కాదంటానని ముందే తెలిసి అడిగినట్టుంది. లేచి, కూతురు వదిలేసిన డబ్బా మూత పెట్టి, ఒక గుడ్డసంచీలో వేసి నా చేతికిచ్చింది. నేను చెప్పులు వేసుకుని వీధిలోకి దిగాక, గుమ్మం పట్టుకుని నిలబడింది.

"అన్నయ్యగారూ, రేపు పదింటికని చెప్పింది కదా. ఏదో ఒక వంక పెట్టి పదకొండు దాకా దాన్ని పైకి ఎక్కనివ్వకండి. టీ ఇవ్వండి, ఫోన్లు వచ్చాయనండి, మీ ఇష్టం. ఆ ఏడో ఇల్లు మీ వీధికి వచ్చే దారిలోనే ఉంది, దాని ముందు నుంచి నడిచి రావాలి నేను. ఈ తొమ్మిదేళ్ళలో రెండుసార్లు బయలుదేరి సగంలో వెనక్కొచ్చాను. పదకొండైనా నేను రాకపోతే..." అని గొంతు సవరించుకుంది. "రాకపోతే మీరే నిలబడండి. అది పైనుంచి ఎంత విసుక్కున్నా, తిట్టినా సరే, పది నిండకుండా మాత్రం రాలేదని అనకండి. ఆ ఒక్క సాయం చెయ్యండి."