హాజరా చెవికి చిక్కిన జబ్బు

వరంగల్లో షాదాబ్ మెకానిక్ షెడ్డు తెలియని లారీ డ్రైవరు లేడు. ఆయన ఒక్కగానొక్క కూతురు హాజరా. బడి నుంచి రాగానే పుస్తకాల సంచి గోడకు తగిలించి పానా పట్టుకునేది. పెళ్లయి, భర్త మంజూర్‌తో సింగపూర్ వచ్చాక ఆ చేతులకు పని లేకుండా పోయింది. అది 1999. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తారీఖులు తప్పుతాయని లోకమంతా హడలిపోతున్న రోజులు. రాఫెల్స్ ప్లేస్‌లోని బ్యాంకులో ఆ తారీఖులు సరిచేసే మంజూర్‌కు ఊపిరి సలపని పని. బెడోక్ ఫ్లాట్లో హాజరాకు పొద్దుపోయేది కాదు.

ఒక ఆదివారం ఉదయం ఆమె కూరగాయలతో వస్తుంటే, కార్ పార్కులో పక్క ఫ్లాట్ సుధాకరరావు చెమటలు కక్కుతున్నాడు. ముచ్చటపడి కొన్న పాత కారు. వెనక సీట్లో కూతురు కీర్తిక డాన్స్ డ్రెస్సులో కూర్చుని ఉంది. హౌగాంగ్‌లో ప్రోగ్రాం.

"బ్యాటరీ కొత్తది వేయించానండీ, అయినా స్టార్ట్ కావట్లేదు," అన్నాడు వాపోతూ.

ఆయన మళ్లీ తాళం తిప్పాడు. ఇంజన్ గిరగిరా తిరిగింది కానీ అంటుకోలేదు. హాజరా సంచులు కింద పెట్టేసింది.

"బ్యాటరీ మంచిగనే ఉంది అన్నా. ఇంజన్‌లనే దమ్ము లేదు. మంచి ఇంజన్ తిరిగేటప్పుడు ఒక్కో దెబ్బకు మూలుగుతది. ఇది గింజలు వెయ్యని తిరగలి లెక్క ఉరుకుతున్నది. నిన్న ఏమన్న చేసిన్రా?"

"కడగడానికి ఆ మూల నుంచి ఈ మూలకు తెచ్చి ఆపేశాను. అంతే."

"వేడెక్కకముందే ఆపిన్రు. పెట్రోలు లోపల్నే ఉండిపోయి, సిలిండర్ గోడల మీది ఆయిల్ కడిగేసింది. ఇగ గాలి నిలుస్తలేదు."

కారు పక్కనే నిలబడ్డ సుధాకరరావు భార్య శ్యామలాదేవి ముక్కున వేలేసుకుంది. "ఇవన్నీ నీకెలా తెలుసు హాజరా?"

ఆమె నవ్వి, డిక్కీలోని పానా అడిగింది. ముందు నిప్పు రవ్వ రాకుండా కాయిల్ వైరు పీకించింది, పెట్రోలు పంపు ఫ్యూజు తీయించింది. ప్లగ్గులు విప్పితే నాలుగూ తడిసి ముద్దయి ఉన్నాయి. ఒక రంధ్రం మీద బొటనవేలు అదిమి, "తిప్పండి," అంది. వేలు కదల్లేదు. "చూసిన్రా? దమ్ముంటే నా వేలు ఎగిరిపోవాలె."

ఒక్కో రంధ్రంలో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసింది. మళ్లీ వేలు పెట్టి తిప్పమంది. ఈసారి పటుక్కున వేలు ఎగిరింది, మొహం మీద నూనె చిందింది. హాజరా గట్టిగా నవ్వేసింది. అంత మనసారా నవ్వి ఎన్ని నెలలైందో ఆమెకే గుర్తు లేదు.

ప్లగ్గులు తుడిచి బిగించి, వైరు, ఫ్యూజు పెట్టేసి, "ఆక్సిలరేటర్ పూరా తొక్కి పట్టుకోండి," అంది. ఇంజన్ రెండుసార్లు దగ్గి, నీలంపొగ గుప్పున వదిలి గర్జించింది.

"వా, ఆంటీ సో పవర్‌ఫుల్ లా!" అంది కీర్తిక సింగపూర్ యాసలో, చప్పట్లు కొడుతూ.

"ఇంక దీన్ని ఇట్ల కొంచెం కదిపి ఆపకండి అన్నా. పది నిమిషాలన్నా నడిపియ్యండి," అని హాజరా చెప్తూనే ఉంది, కారు గేటు దాటిపోయింది.

సుధాకరరావు ఊరుకునే మనిషి కాదు. తన కారు బాగుచేసే చైనా ముసలాయన దగ్గరికెళ్లి కథంతా వర్ణించాడు. ఆయన నమ్మక, హాజరాను పిలిపించి మూడు కార్లు వినిపించాడు. రెండింటి జబ్బు వింటూనే చెప్పింది. మూడోదానికి, "మూత విప్పి చూడాలె, ఊరికే చెప్పను," అంది. ఆ మాటే ఆయనకు నచ్చింది; తన షెడ్డులో పనికి రమ్మన్నాడు.

అనుమతి కాగితాలు రావడానికి రెండు నెలలు పట్టింది. పనికి వెళ్లిన మొదటి రోజు సాయంత్రం గోళ్లనిండా నల్లటి గ్రీజుతో ఇంటికొచ్చిన భార్యను చూసి, మంజూర్ తనే లేచి చాయ్ పెట్టాడు.