ఏడు రెక్కల లెక్క

2022 సెప్టెంబరు. వాషింగ్టన్ రాష్ట్రంలో సముద్రం భూమిలోకి చొచ్చుకొచ్చిన చోటును ప్యూజెట్ సౌండ్ అంటారు. అక్కడి గులకరాళ్ల ఒడ్డున జనం చేత చేపలు పట్టించడం నా పని. గైడ్ అంటారు నన్ను. అంతకుముందు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేదాన్ని. ఎదుటివాళ్ల తప్పులు పట్టడం అప్పుడూ ఇప్పుడూ నాకు బాగానే వచ్చు. నా తప్పు నేను పట్టుకోలేకపోయిన రోజు గురించి చెబుతాను.

మేం పట్టేది ఫ్లై ఫిషింగ్ పద్ధతిలో. కొక్కేనికి ఈకలు, వెంట్రుకలు చుట్టి చిట్టి చేపలా కనబడేట్టు చేసిన ఎరను ఫ్లై అంటారు. దానికి బరువుండదు కాబట్టి బరువైన దారాన్ని ముందుకీ వెనక్కీ ఊపి, ఆ ఊపుతోనే ఎరను దూరంగా వెయ్యాలి. సెప్టెంబరులో ఒడ్డుకి బాగా దగ్గరగా రెండు రకాల చేపలు తిరుగుతాయి. ఒకటి కట్‌త్రోట్ ట్రౌట్. ఏట్లో పుట్టి, సముద్రంలో మేసి, మళ్లీ ఏట్లోకి పోతుంది. దవడ కింద ఎర్రటి చార ఉంటుంది. పడితే నీళ్లలోంచి ఎత్తకుండానే వదిలెయ్యాలి. రెండోది కోహో సాల్మన్. మేమున్న తీరంలో ఆ ఏడాది, హేచరీలో పెంచి వదిలిన కోహోని మాత్రమే ఇంటికి తీసుకెళ్లనిచ్చారు. ఏది హేచరీదో తెలియడానికి పిల్లగా ఉన్నప్పుడే అడిపోజ్ ఫిన్ కత్తిరించేస్తారు. వీపు మీద, తోకకి కాస్త ముందు ఉండే చిన్న మెత్తటి రెక్క అది. రెక్క ఉంటే సహజంగా పుట్టిన చేప, దాని జోలికి పోకూడదు.

ఆ శనివారం నా క్లయింటు శ్రీకాంత్. హెచ్-1బి వీసా మీద ఉన్నాడు, గ్రీన్ కార్డ్ కోసం పదకొండేళ్లుగా ఎదురుచూస్తున్నాడు. వాళ్లమ్మ రత్నమ్మగారు నర్సాపురం నుంచి ఆరు నెలలుండడానికి వచ్చారు. ఇక్కడి షాపుల్లో చేపకి వాసనా లేదు, రుచీ లేదు అని ఆవిడ వారానికోసారైనా అంటున్నారట. తన చేత్తో పట్టిన చేప అమ్మకి తినిపించాలని అతని పట్టుదల.

"అమ్మ ఊరికే చూడ్డానికొస్తోందక్కా, ఒక పక్కన కూర్చుంటుంది" అన్నాడు.

నేనూ అదే నమ్మాను. అతనికి ఇరవై నిమిషాలు రూల్స్ చెప్పాను. ఆవిడకి మాత్రం కొట్టుకొచ్చిన దుంగ ఒకటి చూపించి, పక్కన ఐస్ బాక్స్ పెట్టి, చలిగా ఉందేమో చూసుకోండి ఆంటీ అన్నాను. అంతే.

మొదట కట్‌త్రోట్ పడింది. మోకాలి లోతు నీళ్లలోనే కొక్కెం విప్పి వదిలేశాం.

"అదేంటి నాన్నా, చేతికొచ్చిందాన్ని వదిలేశావ్?" అని కేకేశారు రత్నమ్మగారు.

"రూల్ అమ్మా."

"పట్టడం తప్పుకాదు గానీ తినడం తప్పా? బాగుంది వరస."

పొద్దున ఏడున్నరకి కోహో పడింది. నాలుగు పౌన్లుంటుంది, వెండిలా మెరుస్తోంది. వీపు తడిమి చూశాను. అడిపోజ్ రెక్క లేదు, దాని చోట నున్నటి మచ్చ ఉంది. హేచరీదే, ఉంచుకోవచ్చన్నాను. శ్రీకాంత్ పట్టలేని సంతోషంతో ఫోటో దిగాడు. పట్టిన చేపను నమోదు చేసే కార్డు నింపాడు. చేపను ఐస్ బాక్సులో పెట్టి, ఇద్దరం ఒడ్డు మలుపు దాటి అవతలికి వెళ్లాం.

గంట తర్వాత ఇద్దరం తిరిగొచ్చాం. రత్నమ్మగారు చీర కుచ్చిళ్లు బిగించి, షూస్ విప్పేసి, నీళ్ల పక్కన కూర్చుని ఉన్నారు. చేపను గుల్లలు అంటుకున్న గరుకు రాయి మీద రుద్దేశారు. పొలుసు పోయి, వీపంతా తెల్లగా గీరుకుపోయింది. రెక్కలన్నీ మొదలంటా కత్తిరించారు. కత్తెర, ఉప్పు, పసుపు ఇంటి దగ్గర్నుంచే తెచ్చుకున్నారు.

"తాజాగా ఉన్నప్పుడే బాగుచెయ్యాలమ్మాయ్. ఇంటికెళ్లేదాకా ఆగితే నీచు పట్టేస్తుంది" అన్నారు తృప్తిగా.

చేప ఏ రకమో, దాని గుర్తేమిటో పోల్చుకోలేకుండా ఒడ్డున కోసెయ్యడం ఇక్కడ నేరం. ఆ మాట నోటిదాకా వచ్చేలోపే ఫిషరీస్ ఆఫీసర్ రాళ్ల మీద నడుచుకుంటూ వచ్చాడు. యాభై ఏళ్ల మనిషి. లైసెన్సులు చూశాడు, కార్డు చూశాడు, చేపను చూశాడు.

"ఇది హేచరీ చేపేనని ఎలా చెప్తారు?" అని అడిగాడు.

శ్రీకాంత్ ఫోన్ తీశాడు. ఫోటోలో చేప తళతళలాడుతోంది. సరిగ్గా అడిపోజ్ రెక్క ఉండాల్సిన చోటే అతని పిడికిలి ఉంది. అది చూసి ఆఫీసర్ నోట్‌బుక్ తెరిచాడు.

"అక్కా, కేస్ రాస్తే రికార్డ్‌లోకి ఎక్కుతుందా?" శ్రీకాంత్ నా పక్కకి జరిగి అడిగాడు. "గ్రీన్ కార్డ్ ఫారంలో అన్నీ అడుగుతారు. పదకొండేళ్లక్కా."

నాకు నిజంగా తెలియదు. తెలియదనే చెప్పాను. ఆ కుర్రాడి మొహం చూడలేక తల తిప్పుకున్నాను.

"ఏవిటంటాడు ఆయన?" అని అడిగారు రత్నమ్మగారు. రెండు మాటల్లో చెప్పాను. వీపు మీద చిన్న మెత్తటి రెక్క ఉందో లేదో ఆయనకి తెలియాలని, మీరు అన్నీ కోసేశారని.

"ఉన్నవే కోశాను. లేనిదాన్నెలా కోస్తాను?" అంటూ ఆవిడ సంచీలోంచి పేపరు పొట్లం తీశారు. అందులో రెక్కలు, తోక, పేగులు అన్నీ ఉన్నాయి. ఎందుకు దాచారంటే, ఇంట్లో కుండీలో కరివేపాకు మొక్క ఉందట. ఈ చలికి అది ఎదగడం లేదు. చేప తుక్కు మొదట్లో పాతితే చిగురేస్తుందని దాచారు.

నేను చెప్పకముందే ఆవిడ పని మొదలుపెట్టారు. చేపను చదునైన రాయి మీద పడుకోబెట్టి ఒక్కొక్క రెక్కా దాని చోట ఆనించారు. మెడ దగ్గర ఇటొకటి అటొకటి. పొట్ట కింద రెండు. వెనక కింద ఒకటి. వీపు మీద పెద్దది. చివర తోక. మొత్తం ఏడు. ఏ రెక్క ఏ కోతకి సరిపోతుందో ఆ చేతులకి వెతుక్కోవాల్సిన అవసరమే లేదు. ఆఫీసర్ నోట్‌బుక్ మూసి, మోకాళ్ల మీద కూర్చుని చూడసాగాడు. నేను నా భయం సంగతే మర్చిపోయాను. ఇన్నేళ్లలో చేపను అంత శ్రద్ధగా నేనూ చూడలేదు.

"ఇక కోతలు లేవు, ముక్కలూ లేవు" అన్నారు రత్నమ్మగారు. "ఇదిగో, ఇక్కడ మాత్రం చర్మం మూసుకుపోయిన పాత గాయం ఉంది. ఎవరు కోశారా అని నేనూ అనుకున్నాను."

తర్జుమా చేశాను. ఆఫీసర్ ఆ చోట నీళ్లు పోసి కడిగి, వేలితో తడిమాడు. రెండుసార్లు తడిమాడు. "మానిన గాయమే" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఒడ్డున రెక్కలు కొయ్యకూడదని ఆవిడకి ఎవరైనా చెప్పారా?" అని అడిగాడు.

"లేదు. చెప్పాల్సింది నేనే" అన్నాను.

రాతపూర్వకమైన వార్నింగ్ నా పేరు మీద రాశాడు. శ్రీకాంత్ పేరు ఎక్కడా రాయలేదు. వెళ్లబోతూ ఆగి, రాయి మీది చేపను తన ఫోన్లో ఫోటో తీసుకున్నాడు.

శ్రీకాంత్ దుంగ మీద కూలబడి చేతుల్లో మొహం దాచుకున్నాడు. రత్నమ్మగారు ఏడు రెక్కలూ మళ్లీ పొట్లం కట్టి సంచీలో పెట్టుకున్నారు. తర్వాత కొడుకు తల నిమిరి, "అడిగుంటే, చేప కోసేది నేనేనని ముందే చెప్పేదాన్ని కదా నాన్నా" అన్నారు. మాట అతనితోనే గానీ తగిలింది నాకు.

ఆ వార్నింగ్ కాగితం నా గాలం సామాన్ల పెట్టె మూతకి లోపల అంటించి ఉంది. గాలం పట్టేవాళ్లకి మాత్రమే పాఠం చెప్పడం ఆ రోజుతో మానేశాను. ఇప్పుడు ఎవరొచ్చినా, గాలం కర్ర చేతికిచ్చే ముందు నేనడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఈ చేపను కోసేది ఎవరు?" వాళ్లూ వెంట వస్తే, ముందు వాళ్ల పక్కన కూర్చుని రూల్స్ చెబుతాను.