తలుపు లేని కిటికీ

మా అవ్వ కనకవ్వ మొండిది. సిరిసిల్లల మా గల్లీ మొత్తం గదే అంటుండె. గామె మొండిదైతేనే నా కొడుకు బతికిండు. గది మాత్రం ఎవ్వలు చెప్పరు.

అడివిల ఉండే నక్సలైట్ అన్నల కోసం పోలీసోళ్లు ఇల్లిల్లు సోదా చేస్తున్న రోజులు. నేను పురుటికి తల్లిగారింటికి వచ్చిన. ఉన్నది ఒక్కటే అర్ర. ఒక దిక్కు మా బాపు బుచ్చయ్య మగ్గం, ఇంకో దిక్కు కోరుట్లల ఉండే మా మేనమామ కొనిచ్చిన గ్యాసు పొయ్యి. నడుమ నా కొడుకు ఉయ్యాల.

గాలి ఆడితే నూలు ఎండి పోగులు తెగుతయని బాపు కిటికీ మూసి, సందులల్ల తడి గోనెసంచులు కుక్కేటోడు. దానికి పోలీసోళ్ల భయం తోడయింది. ఇగ తలుపు గూడ తెరవనియ్యలే. గ్యాసు పొయ్యిల నీలంగుండే మంట ఎర్రగయింది. బాపుకు సంబురమే సంబురం.

"చూసిండ్రా? అర్రల తేమ మంచిగుంది, గందుకే మంట ఎర్రగయింది. మంట ఎర్రగున్నన్ని రోజులు నా పోగు తెగది!"

పొద్దుగాల లేవంగనే పొయ్యి ముట్టించి, మంట రంగు చూసి మగ్గం గుంటల దిగేటోడు. ఏం తెలివి తియ్యి!

ఒక ముసురు రోజు నాకు తలకాయ పగులుతుంది, కడుపుల తిప్పుతుంది. బాలింతకు ఇవన్ని ఉంటయిలే అనుకున్న. అవ్వ పోరని తానానికి కాగవెట్టిన నీళ్ల బోగాని దించి, దాని అడుగు చూసి అట్లనే నిలవడ్డది. చెయ్యి పెడితే చెయ్యంత మసి.

"ఏమయ్య, తేమకు మంట ఎర్రగయిందంటివి, సరే. మరి గిన్నెకు మసెందుకు పట్టింది? ఇది కట్టెల పొయ్యా?"

"ఊకోయే, నీకేం ఎరుక!"

అవ్వ ఉయ్యాల దిక్కు చూసింది. పాలకు ఏడ్వాల్సిన పోరడు ఏడుస్తలేడు. ఎత్తుకుంటే మెడ వాలేసిండు. నా పై పానం పైననే పోయింది.

"మంటకే గాలి సాలుతలేదు, వీనికేడ సాలుతది?"

అవ్వ గ్యాసు బందు చేసింది. పోరన్ని భుజానేసుకొని, నన్ను రెక్క పట్టి గుంజింది. బాపు తలుపుకు అడ్డమొచ్చిండు.

"బయట పోలీసోళ్లున్నరే! కాల్చిపారేస్తరు!"

"కాల్చనియ్యి. జరుగు."

గల్లీల ఒక పోలీసాయన తుపాకి ఎత్తి "లోపలికి పో!" అని ఒర్లిండు. నేను గోడకు ఆనుకొని కక్కుతున్న. అవ్వ వానల నిలవడి పోరని వీపు రుద్దుతనే ఉంది.

"వీడు ఏడ్చినంక పోత. అందాక కదల."

ఆయన తుపాకి దించలే. అవ్వ కదల్లే.

పోరడు కెవ్వుమన్నడు.

వెనుక దబ్బున సప్పుడు. బాపు గడ్డపారతోని కిటికీ తలుపు పెరికి బయట పడేసిండు. "పోగు తెగితే తెగనియ్యి, అతుక్కుంట" అనుకుంట ఏడుస్తుండు.

తెల్లారి అవ్వ సూదితోని పొయ్యి బొక్కలు గెలికితే, గాలికి అడ్డంబడ్డ నూలు నుసి, తడికి ఉండలు కట్టింది, ఎల్లింది. తేమకు మంట జర ఎర్రబడుడు నిజమే, దానితోని ఏం కాదు. గాలి అందక ఎర్రబడి మసి పట్టిందంటే మాత్రం ఆ విషగాలికి మనుషులే పోతరు.

గా కిటికీకి మళ్ల తలుపు పెట్టలే. సోదాకొచ్చిన పోలీసోళ్లు అందులకెళ్లి తొంగి చూసేటోళ్లు. బాపు తల ఎత్తకుండ, పోగు తెగినప్పుడల్ల అతుకుతుండేటోడు.