రైట్ అంటే బయల్దేరమనే

కండక్టరుకి కదలని నేల మీద కుదురుండదు. క్యూలో నిలబడ్డా బరువు ఈ కాలి మీంచి ఆ కాలి మీదకి మారుస్తూ ఉంటాడు. ఎడమ తుంటి కీలు అరిగి, మార్చక తప్పదన్నప్పుడు డాక్టర్ని ఆయన అడిగింది ఒక్కటే: “మళ్లీ బస్సెక్కుతానా, డిపోలో కుర్చీయేనా?” “ముందు నడవండి, చూద్దాం” అన్నాడు డాక్టర్. ఆపరేషనయ్యాక మంచం మీద ఒక్క క్షణం ఊరుకోలేదు. దిండు జరపడం, దుప్పటి లాగడం, వీధిలో హారన్ మోగితే మెడ సాచడం.

వాకరుతో నడిపించిన రోజు ఫిజియోథెరపీ అమ్మాయి, “ముందు ఎడమ కాలు. ఆఁ, ఇప్పుడు రైట్” అంది, కుడికాలు వెయ్యమని. కండక్టరు చెవికి ఆ మాటకి ఒకటే అర్థం. వరండా వెంట బయల్దేరిపోయాడు. “ఆగండి బాబాయ్, పడతారు!” అని ఆమె వెంటపడినా ఆగలేదు. వెనకనుంచి భార్య, బస్సు ఆపడానికి ఆయన వేసే కేకే వేసింది: “హోల్డాన్!” టక్కున ఆగాడు. “మామూలుగా చెబితే ఎక్కదమ్మా ఈయనకి” అందావిడ. కుర్చీ వేశారు. చెమటలు కారుతున్నా కూర్చోలేదు. “కూర్చోడానికి కాదమ్మా కోయించుకుంది” అని, వాకరు గట్టిగా పట్టుకున్నాడు. “దీన్ని కాస్త అటూ ఇటూ ఊపు. నిలబడగలనో లేదో ఇప్పుడే తేలిపోవాలి.”