దీపాలవేళ సలాం

పోలీస్ యాక్షన్ అయిన మరుసటేడు బెజవాడ నుంచి సికింద్రాబాదు వెళ్లి, స్టేషన్ బయట కిరాయి కారెక్కాను. దీపాలు పెట్టే వేళ. ముసలి డ్రైవరు లైట్లు వేశాడు గానీ బండి కదిలించడు. ఎదురుగోడ మీద ఒక్క లైటు వెలుగే పడుతోంది.

"బల్బు పోయినట్టుంది సాయిబు గారూ. ఫర్వాలేదా?"

"ఒక్కటి పోతే వయసైందనుకోవాలె సార్. కొత్తది పెట్టినా మళ్ల మళ్ల మాడిపోతే అప్పుడు ఫికర్ జెయ్యాలె. కరెంటు ఎక్కువొస్తున్నట్టు."

అయినా కదల్లేదు. పక్కనున్న ఖాళీ సీటు వైపు చూస్తున్నాడు.

"మా ఇండ్లల్ల దీపం పెట్టంగనే చిన్నోళ్లు పెద్దోళ్లకు సలాం జేస్తరు. మా కొడుకు ఈడనే కూసుంటుండె. నేను లైటెయ్యంగనే సలాం జేస్తుండె. పోయినేడు గడ్‌బడ్ దినాలల్ల, ఊర్లల్ల కొట్లాటలైతుంటె, బీదర్ల ఉన్న వాళ్ల అక్కను తోలుకొస్తనని పోయిండు. ఇద్దరూ రాలే. బల్బు సంగతి ఎరుకే గని, మనిషి రాకుంటే ఎన్నడు ఫికర్ జెయ్యాలె సార్?"

మా ఇంట్లోనూ దీపం పెట్టగానే చేతులు జోడిస్తాం.

ఆయన ఖాళీ సీటు వైపు చెయ్యెత్తి, "జీతే రహో బేటా" అన్నాడు. చల్లగా బతకమని. అప్పుడు గేరు వేశాడు.