నూట పదమూడో పుట

ఆ కాగితాన్ని నేను బ్లేడుతో కోశాను. కుట్టు దగ్గర చిన్న పోగు కూడా మిగలకుండా, అంత నున్నగా కోశాను.

అప్పుడు నేను ప్రొద్దుటూరులో ఒక బట్టల అంగడిలో పని చేస్తూ దూరవిద్యలో డిగ్రీ చదువుతున్నాను. పాఠం చెప్పేవాళ్ళు లేరు. గ్రంథాలయమే నా కాలేజీ. అంగడి తెరిచేలోగా రోజూ రెండు గంటలు అక్కడ చదివేవాణ్ణి. ఎవరైనా పుస్తకం మూల మడిస్తే గ్రంథాలయం సారు నన్ను చూపించి, "ఆ పిల్లోన్ని చూసి నేర్చుకోండప్పా. పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుంటాడు" అనేవాడు. ఆ మాట వినడానికే కొన్నిసార్లు పుస్తకాన్ని అవసరానికి మించి మెల్లగా తిప్పేవాణ్ణి.

ఆ ఏడు గ్రంథాలయంలో వ్యాసరచన పోటీ పెట్టారు. మన కొండల్లోని మందు చెట్ల గురించి రాయాలి. రెఫరెన్స్ బీరువాలో ఒక పాత వైద్యం పుస్తకం ఉంది. మా చుట్టుపక్కల కొండల్లో ఏ చెట్టు ఎక్కడ దొరుకుతుందో అందులో నూట పద్నాలుగో పుటలో పట్టిక వేసి ఉంది. ఆ గదిలోకి ఫోన్లు తేనివ్వరు. చేత్తో రాసుకోవడానికి అరగంట చాలు. కానీ నేను రాసుకున్నది ఇంకొకరూ రాసుకోగలరు. పోటీకి ఇంకా ఆరుగురు పేర్లిచ్చారు. అందుకే కోశాను. ఆ కాగితానికి అవతలి పక్క ఏముందో చదవలేదు.

నాలుగు రోజులకు నా బల్లకు ఎదురుగా ఒక పెద్దాయన కూర్చుని అదే పుస్తకం నుంచి పెన్సిల్‌తో ఏదో రాసుకుంటున్నాడు. చొక్కా మీద దూది పోగులు.

"ఏం రాసుకుంటాండావు మామా?" అన్నాను.

"మీ అత్త మోకాళ్ళకప్పా. డాక్టర్ల కాడికి తిరిగి తిరిగి బస్సు కండక్టరు చుట్టమైపాయ, నొప్పి మాత్రం పోల్యా." జమ్మలమడుగు పాత బస్టాండు దగ్గర పరుపులు కుడతానని, దూది కోసం వారానికోసారి ప్రొద్దుటూరు వస్తానని చెప్పాడు. పుస్తకం నావైపు తిప్పి, "ఈడ చూడు, చూర్ణమంట. అంటే ఏంది?" అన్నాడు.

"పొడి మామా. ముష్టి చెట్టు గింజల్ని పొడి కొట్టమని." గొంతు కొంచెం పెంచి చెప్పాను, సారుకు కూడా వినపడేలా.

"సదువుకున్నోడివి, నువ్వే చెప్తివి. ఇంగ శాలు."

అప్పుడు కంటపడింది. ఎడమ పక్క నూట పన్నెండు, కుడి పక్క నూట పదిహేను. వాక్యం సరిగ్గా పుట చివర ముగిసింది. ఏదో తక్కువైందని పుట సంఖ్యలు చూసేవాడికి తప్ప తెలియదు. నాకు తెలిసింది. సారు నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. నా పుస్తకంలోకి తల దించుకున్నాను. పెద్దాయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

నేనుండే గదికి పోయి దాచిన కాగితం తిప్పి చూశాను. నూట పదమూడో పుట మొదట్లోనే ఉంది. ఈ గింజ విషం. తెలిసిన వైద్యుడు శుద్ధి చేయనిదే నోట పెట్టరాదు. మూర్ఛలు వస్తాయి, ప్రాణం పోతుంది.

వెంటనే బయలుదేరానని రాయాలని ఉంది. కానీ మర్నాడంతా అంగడిలో చీరలు మడుస్తూ గడిపాను. వైద్యుణ్ణి అడక్కుండా ఎవరు తింటారులే అనుకున్నాను. సారు మొహం గుర్తొచ్చింది, పోటీ గుర్తొచ్చింది. ఆ మర్నాడు ఇక ఉండలేక జమ్మలమడుగు బస్సెక్కాను.

పరుపుల అంగడి వెనకే ఇల్లు. గడపలో అత్త రోలు ముందు కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. పక్కన పళ్ళెంలో గుండ్రటి గింజలు, బొత్తాముల్లా.

"తిన్న్యావా అత్తా?"

"యాడ తినేది నాయనా! రాళ్ళున్నట్టుండాయి, రెండు దినాల్నుంచి దంచుతాండా, నలగల్యా. నువ్వెవరు?"

పళ్ళెం లాక్కుని దూరంగా పెట్టాను. పెద్దాయన లోపలినుంచి వచ్చాడు. కాగితం ఆయన చేతికిచ్చి జరిగింది చెప్పాను. రెండుసార్లు చదివాడు.

"నువ్వు బ్లేడు పుస్తకానికి పెట్టినావా, మా ఇంటికి పెట్టినావా?" అన్నాడు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

అత్త ఉన్నట్టుండి, "పులివెందులలో నీ చెల్లెలికి గూడా చెప్తివి గదా!" అంది.

ఆయన ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, ఆ గింజలు ముట్టుకోవద్దని చెప్పాడు. అవతల ఆమె నవ్వింది. "నేనింకా కొననే ల్యా అన్నా. నాకేడ తీరికైతాది?" మేమందరం ఊపిరి వదిలాం. అంతలోనే ఆమె గొంతు తగ్గింది. "నిన్న బస్టాండులో ఒకామెకు చెప్తినే. పక్కన కూచోని మోకాళ్ళు పిసుక్కుంటాండె, పాపమనిపిచ్చింది. కాగితం తీసుకోని రాసుకునె."

"ఏ ఊరామె?"

"అడగల్యా. రేపు బ్రహ్మంగారి మఠానికి పోతాండా అనింది."

నిన్న అంటే నేను చీరలు మడిచిన రోజు.

ప్రొద్దుటూరులో దిగి ఆ కాగితం తీసుకెళ్ళి గ్రంథాలయం సారు బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు. బీరువాకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. నేను మైదుకూరు మీదుగా మఠానికి పోయాను.

మఠం ముందు బస్సులు వరుసగా ఆగి ఉన్నాయి. ఏ ఊళ్ళ వాళ్ళో, కొందరు కన్నడం మాట్లాడుతున్నారు. ఇంతమంది ఆడవాళ్ళు మోకాళ్ళు పట్టుకుని నడుస్తారని అంతకుముందు నేనెప్పుడూ గమనించలేదు. మెట్టు ఎక్కేటప్పుడు ఒక చెయ్యి మోకాలి మీద, ఒక చెయ్యి గోడ మీద. ఒక్కొక్కరి దగ్గరికీ పోయి, నిన్నామొన్న పులివెందులలో ఎవరైనా మందు చెప్పారా అని అడిగాను. కొందరు తల అడ్డంగా ఊపారు. కొందరు సంచులు దగ్గరకు లాక్కున్నారు.

చివరికి ఒకామె, పొద్దున్నుంచీ నడిచి అలిసినట్టున్న మొహంతో, నన్ను పైనుంచి కిందికి చూసింది.

"నా మోకాళ్ళ సంగతి నీకెందుకప్పా? నువ్వేమన్నా డాక్టరా?"

"కాదమ్మా. ఎవరైనా ముష్టి గింజలు తినమని చెప్పుంటే తినొద్దు. విషమది."

"ఆ మందు పుస్తకంలోనే ఉండాదంట గదా, పక్కూరామె చెప్పింది" అంటూ ఆమె మెట్లెక్కి జనంలో కలిసిపోయింది.