చేరబోయేవాళ్ళకే చూపించే బడి

మా అమ్మాయి రెండో తరగతి నుంచీ చదివిన బడిని నేను లోపలికంటా చూసింది ఒక్కసారే, అదీ పొరపాటున. మేము చేర్చినప్పుడు సగం గోడలు ఇంకా లేస్తున్నాయి, చూపించడానికి ఇసుక కుప్పలు తప్ప ఏమీ లేవు. చేర్చాక ఇక తల్లిదండ్రులతో వాళ్ళకు పనేముంది? గేటు, గేటు పక్కన సెక్యూరిటీ గది, మార్కులు చెప్పే రోజున కింద హాల్లో ఒక ప్లాస్టిక్ కుర్చీ. అంతవరకే మన రాజ్యం. తొండుపల్లి దాటాక రోడ్డు పొడుగునా దాని ప్రహరీయే ఉంటుంది. బస్సులో వెళ్తూ మా గుంటూరు చుట్టాలకు చూపించి, అదే మా పిల్ల బడి అని గొప్పలు పోయిన దాన్ని నేనూ.

మార్చి నెలాఖరులో ఆ బడి నుంచి ఫోను వచ్చింది. శనివారం వచ్చి ప్రిన్సిపాల్‌గారిని కలవమన్నారు. తొమ్మిదో తరగతి పరీక్షలు అయ్యీ కాకముందే పిల్లలకు పదో తరగతి పాఠాలు మొదలుపెట్టేశారు అప్పటికి. ఆ పిలుపు ఎందుకో నాకు తెలుసు. కిందటేడు మా పై ఫ్లోరు ఆవిడకూ ఇలాగే వచ్చింది. పదో తరగతిలో ఒక్కరు తప్పినా నూటికి నూరు శాతం అని బోర్డు పెట్టుకోవడం కుదరదు కదా, అందుకని తప్పుతారని అనుమానం ఉన్న పిల్లల్ని తొమ్మిది అవగానే టీసీ ఇచ్చి పంపేస్తారు. అది కూడా వాళ్ళు ఇచ్చినట్టు ఉండదు. మనమే కావాలని అడిగి పుచ్చుకుంటున్నట్టు సంతకం పెట్టాలి. ఆవిడ పెట్టి వచ్చింది. వాళ్ళబ్బాయి తర్వాత ఏ బడిలోనూ కుదురుకోలేదు, ఇప్పుడు ఇంట్లోనే ఉంటున్నాడు. మా అమ్మాయికి లెక్కలూ సైన్సూ అంతంతమాత్రం. ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు.

మా ఆయనకు ఎయిర్‌పోర్టు కార్గోలో ఉద్యోగం, శనివారం సెలవు దొరకలేదు. "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నీ నోరు ఇంట్లో పెట్టి వెళ్ళు. అరవకు, బతిమాలు," అన్నాడు. సరే, బతిమాలదామనే పెళ్ళిళ్ళకు కట్టే పట్టుచీర తీశాను. బతిమాలడానికి పట్టుచీర ఎందుకని మీరు అడగొచ్చు. నలిగిన చీరలో వెళ్తే ఆ గేటు దగ్గర మనిషి మొహం ఎత్తి కూడా చూడడు, అందుకు.

ఆ చీరే కొంప ముంచింది. ఆ రోజు కొత్తగా పిల్లల్ని చేర్చాలనుకునే కుటుంబాలకు బడి చూపిస్తున్నారు. గేటు దగ్గర అరటి చెట్లు కట్టారు, తివాచీ పరిచారు. నేను ఆటో దిగగానే ఒక అమ్మాయి నవ్వుతూ ఎదురొచ్చి, నా భుజం మీద 'స్వాగతం' అని రాసున్న గుండ్రటి స్టిక్కరు అంటించి, చేతిలో చల్లటి బాదంపాలు పెట్టింది. ఇన్నేళ్ళలో అక్కడ మంచినీళ్ళు అడిగినా ఇచ్చిన వాళ్ళు లేరు. మగపెళ్ళివారికి కూడా అంత మర్యాద జరగదు.

"మా పాప ఇక్కడే చదువుతోందమ్మా, నేను ప్రిన్సిపాల్‌గారి కోసం వచ్చాను," అన్నాను.

"సార్ టూర్ అయ్యాకే అందరినీ కలుస్తారు మేడమ్, మీరూ రండి," అని నన్ను గుంపులో కలిపేసింది. ఆ పిల్ల సగమే విన్నదో, విని కూడా పట్టించుకోలేదో తెలియదు. నేనూ కాదనలేదు. ఎన్నాళ్ళకో లోపల చూసే భాగ్యం కలిగింది, ఎందుకు పోగొట్టుకోవాలి?

మైకు తగిలించుకున్న ఇంకో అమ్మాయి ముందు నడుస్తూ చూపించింది. నీలంగా మెరిసే ఈతకొలను, రోబోలు తయారుచేసే గది, సైన్సు ల్యాబు, గాజు గోడల లైబ్రరీ, పెళ్ళి హాలంత భోజనశాల. ఈత నేర్పడానికి ప్రత్యేకంగా మాస్టరు ఉన్నాడట. మా అమ్మాయి ఆ నీళ్ళలో ఒక్కరోజు కూడా దిగలేదు, ఎప్పుడడిగినా ఆ పీరియడ్ లెక్కలకు ఇచ్చారనేది. లైబ్రరీలో పుస్తకాలు ఎంత కొత్తగా ఉన్నాయంటే, ఒక్కదాని అట్టయినా నలగలేదు. పైన పటారం లోన లొటారం అని నాలో నేనే గొణుక్కుంటూ నడిచాను. అయినా నిజం చెప్పొద్దూ, కళ్ళు చెదిరాయి. కొత్తగా చేర్చేదాన్నయితే నేనూ ఆ పూటే సంతకం పెట్టేదాన్ని.

నా పక్కన ఒక పెద్దాయన నడుస్తున్నాడు, తెల్ల పంచె, తెల్ల చొక్కా. మనవరాలిని ఆరో తరగతిలో చేర్చాలని వచ్చాడు. కొడుకూ కోడలూ ఆఫీసులో వివరాలు రాస్తుంటే ఈయన చూసిరావడానికి బయలుదేరాడు.

"మాది మామిడిపల్లి బిడ్డా. భూములన్నీ ప్లాట్లయినయ్, ఇగ ఎవుసం లేదు. పోరినన్న జర పెద్ద బడిల ఏద్దామని," అన్నాడు నాతో. అందరూ రోబోల గురించి అడుగుతుంటే ఆయన మాత్రం మైకు పిల్లను, "పాఠం నడుమ పోరగాళ్లు బాత్రూంకు పోతమంటే పోనిస్తరా?" అని అడిగాడు. అందరూ నవ్వారు. అడగాల్సింది అదే అనిపించింది నాకు. మా పిల్ల రోజూ ఇంటికొచ్చి బ్యాగు విసిరేసి ముందు బాత్రూంకే పరిగెత్తేది.

పదో తరగతి గదిని కిటికీ అద్దంలోంచి చూపించారు. పిల్లలు తల తిప్పకుండా రాసుకుంటున్నారు. "మా బడిలో ప్రతి ఏడూ నూటికి నూరు శాతం," అంది మైకు పిల్ల. నేను అద్దానికి మొహం ఆనించి మా అమ్మాయి జడ కోసం వెతికాను. ముందు వరస, మధ్య వరస, వెనక వరస. లేదు. పొద్దున్నే నా చేత్తో బస్సెక్కించాను కదా.

"ఈ క్లాసులో ఇంకా పిల్లలుండాలి కదమ్మా?" అన్నాను.

"ల్యాబులో ఉంటారు మేడమ్." ల్యాబు ఇందాకే చూసి వచ్చాం. ఖాళీగా ఉంది.

తర్వాత మైకు పిల్ల వరండాలోంచి వెనక మైదానంలో ఆగి ఉన్న బస్సులు చూపించి, ప్రతి బస్సులో కెమెరా ఉంటుంది, ఆయమ్మ ఉంటుంది అని చెప్తోంది. పెద్దాయన మెట్ల వైపు నడిచాడు. "మా పోరికి బస్సెక్కితే కక్కొస్తది. ముంగటి సీటు ఎట్లున్నదో జూడాలె."

"తాతగారూ, ఇక్కణ్ణించి చూస్తే చాలు," అంటూ ఆ పిల్ల కంగారుగా వెంటపడింది. ఆయన వింటేగా. నేనూ వెనకాలే దిగాను. గోడవారగా ఉన్న చివరి బస్సు తలుపు తెరిచి ఉంది. ఆయన మెట్టు మీద కాలు పెట్టి అక్కడే ఆగిపోయాడు.

"బస్సుల పిల్లలు కూసున్నరు గదమ్మా. ఏంది, ఇయ్యాల వీళ్లకు బడి లేదా?"

ఉన్నారు. ఒళ్ళో పుస్తకాలు పెట్టుకుని, చెమటలు కారుతూ, చప్పుడు చెయ్యకుండా. ముందు సీట్లో ఆయమ్మ కొంగుతో విసురుకుంటోంది. వెనక కిటికీ పక్కన మా అమ్మాయి. మైకు పిల్ల, వీళ్ళు ఏదో చూడటానికి బయటికి వెళ్తున్నారని చెప్పబోయింది. నా మొహం చూసి ఆగిపోయింది.

నేను బస్సెక్కి పిల్ల దగ్గరికి వెళ్ళాను. ఏమిటిది తల్లీ అంటే, అది నా భుజం మీది స్టిక్కరు చూస్తూ మెల్లగా చెప్పింది. బడి చూడటానికి ఎవరైనా వచ్చే శనివారాలు, వెనకబడిన పిల్లల్ని ఇక్కడ కూర్చోబెడతారట. వచ్చినవాళ్ళు ఏదైనా ప్రశ్న అడిగితే వీళ్ళు చెప్పలేరని. దసరా సెలవులు అయినప్పటి నుంచీ ఇలాగేనట. మరి ఇంట్లో ఎందుకు చెప్పలేదే అన్నాను.

"చెప్తే నువ్వు వచ్చి గొడవ చేస్తావు. నన్ను పంపించేస్తారు," అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "టీసీ తీసుకోకమ్మా. నా ఫ్రెండ్సందరూ ఇక్కడే ఉన్నారు. బస్సులో కూర్చుంటాను, నాకేం పర్లేదు."

నాకేం పర్లేదట. ఆ మాట విన్నాక నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. మా ఆయన చెప్పిందంతా గాలికి పోయింది. తిన్నగా ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్ళి, "మీ ఇంటికి చుట్టాలొస్తే మీ పిల్లల్ని కారులో పెట్టి తలుపులేస్తారా?" అని అడిగాను.

ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. మంచినీళ్ళు తెప్పించి, "అక్కడ పిల్లలకు ప్రశాంతంగా ఉంటుందని మేడమ్. మీకు నచ్చకపోతే టీసీ ఇవాళే సిద్ధం చేయిస్తాను," అన్నాడు. నా దగ్గరున్నది నోరొక్కటే, ఆయన దగ్గర నా పిల్ల ఉంది. అప్పుడు ఇంకో దారి ఉందని చెప్పాడు. పిల్ల ఏడాదంతా ఇక్కడే కూర్చుని చదువుకోవచ్చు. పబ్లిక్ పరీక్ష మాత్రం ఎక్కడో ఇంకో బడి పేరు మీద రాయాలి. పాసైనా తప్పినా వీళ్ళ లెక్కలోకి రాదు. సందర్శకులు వచ్చే శనివారాల పద్ధతి మాత్రం మారదు.

"సరే," అన్నాను. ఆ మాట అంటుంటే నా మీద నాకే అసహ్యం వేసింది. కాదంటే పిల్ల ఏమైపోతుందో కూడా కళ్ళ ముందు కనిపిస్తోంది. కృతజ్ఞతలు కూడా చెప్పి వచ్చాను, సిగ్గులేకుండా.

గేటు దగ్గర ఆ పెద్దాయన నిలబడి, కొడుకు కారు తెస్తాడని చూస్తున్నాడు. నన్ను చూసి, "ఆ పిల్ల నీ బిడ్డనా?" అన్నాడు. ఎవరు వింటే ఏమవుతుందోనన్న భయం ఉన్నా, ఆయనకు అంతా చెప్పేశాను. చదువులో వెనకబడితే ఇక్కడ ఏం చేస్తారో, ఆ బస్సులో పిల్లలు ఎందుకున్నారో, పదో తరగతికి ముందు ఏమవుతుందో. "ఇక్కడ చేర్చకండి బాబాయిగారూ," అన్నాను.

ఆయన ఓపిగ్గా విన్నాడు. కళ్ళలో జాలి కనిపించింది. నా తల మీద చెయ్యి వేసి, "పరేషాన్ గాకు బిడ్డా," అన్నాడు, నన్ను ఓదారుస్తున్నట్టే. "మా పోరి మంచిగ జదువుతది. దాన్ని బస్సుల కూసోబెట్టరు."

కారు వచ్చింది, ఎక్కి వెళ్ళిపోయాడు. ఆయన మీద నాకు కోపం రాలేదు.

సాయంత్రం బస్సు దిగుతూనే పిల్ల నా మొహం వైపు చూసింది. "ఉంచారా?" అంది.

"ఉంచారు."

రోడ్డు మీదే నన్ను వాటేసుకుంది. చిన్నప్పుడు ఎప్పుడో అలా వాటేసుకునేది. ఆ రాత్రి ఇష్టంగా రెండుసార్లు అన్నం పెట్టించుకుంది, వాళ్ళ నాన్నతో నవ్వుతూ కబుర్లు చెప్పింది. వేరే బడి పేరు సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు. పడుకోబోతూ వంటింట్లోకి వచ్చింది.

"అమ్మా, వచ్చే శనివారం నాకు రెండు సీసాలు నీళ్ళు పెట్టు. బస్సులో వేడిగా ఉంటుంది."

పెట్టాను. ఆ ఏడాదంతా పెట్టాను.